ప్రాంప్ట్ ఫైల్లో మొదటి లైను

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఎండాకాలం రాత్రి పదైతే హైదరాబాద్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర. పాపను పడుకోబెట్టి ల్యాప్‌టాప్ తెరిచేసరికి మేనేజర్ పంపిన బిల్లు కనిపించింది. కస్టమర్ల ప్రశ్నలకు జవాబిచ్చే మా బాట్‌కి ఏఐ ఖర్చు తగ్గుతుందని ప్రాంప్ట్ క్యాషింగ్ పెట్టించింది నేనే. అంటే ఏఐకి ప్రతిసారీ పంపే సూచనల్ని (ప్రాంప్ట్) ఒకసారి చదివాక దాచి, మళ్లీ వాడుకోవడం. తగ్గకపోగా పెరిగింది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఇలాంటి మెయిల్ వస్తే ముందు 60 రోజులే గుర్తొస్తాయి. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఉండే గడువు అంతే. ఒకటే టెన్షన్.

అప్పుడు మేం వాడుతున్న ఏఐ మోడల్ క్లాడ్ సానెట్ 4. మోడల్‌కి పంపే పది లక్షల ఇన్‌పుట్ టోకెన్లకు, అంటే పదాల ముక్కలకు, 3 డాలర్లు. దాచిపెట్టే చోట, అంటే క్యాష్‌లో (cache), రాయడానికి 3.75, అందులోంచి చదివితే 30 సెంట్లే. ఐదు నిమిషాల్లోపు అదే ప్రాంప్ట్ మళ్లీ వెళ్తే చవగ్గా అయిపోవాలి. బాట్ పనంతా నమోదయ్యే మా లాగుల్లో (logs) మాత్రం క్యాష్ నుంచి చదివిన టోకెన్లు సున్నా. మోడల్‌ని అడిగిన ప్రతిసారీ కొత్తగా రాయడమే, అంటే ప్రతిసారీ పాతిక శాతం అదనం.

ఫైలు తెరిచాను. దాదాపు 12,000 టోకెన్ల నియమాలు, ఉదాహరణలు. అన్నిటికీ పైన ఒక లైను: 'ఇప్పటి సమయం', పక్కన గంటలు, నిమిషాలు, సెకన్లతో సహా. నేను రాసిందే.

పొద్దున్నే స్కూలు బస్సు వచ్చేలోపు పాపకు జడ వేస్తాను. పైన ఒక పాయ జారితే కింద ఎంత బాగా అల్లినా లాభం లేదు, అక్కడిదాకా విప్పాల్సిందే. ఇదీ అంతే. మోడల్ ప్రతి టోకెన్‌నూ దాని ముందున్నవన్నీ కలుపుకుని లెక్క కడుతుంది. ఎక్కడ తేడా వస్తే అక్కణ్నుంచి కిందదంతా మళ్లీ కట్టాలి. పైనే సెకన్లు మారుతుంటే ఇంక మిగిలేదేముంది?

సమయాన్ని తీసి కస్టమర్ ప్రశ్న పక్కన పెట్టాను. చాలావరకు సర్దుకుంది, అయినా మధ్యమధ్యలో సున్నాలు. హైదరాబాద్ టీమ్‌లో అమ్మాయి పట్టుకుంది: "అక్కా, టూల్స్ వరుస ఒక్కో సర్వర్లో ఒక్కోలా వెళ్తోంది." టూల్స్ అంటే మోడల్ వాడుకోగల పనిముట్లు. వాటి పేర్లు పైథాన్ ప్రోగ్రామ్‌లో 'సెట్' అనే గుంపుగా ఉన్నాయి, సెట్‌కు వరుస గ్యారంటీ ఉండదు. పైగా టూల్స్ ఆ నియమాలుండే సిస్టమ్ ప్రాంప్ట్ కంటే ముందు వస్తాయి. అక్షర క్రమంలో పెట్టించాం. నాకు పన్నెండున్నర దాటింది. లాగులో సున్నాలు పోయి వరుసగా అంకెలు పడ్డాయి. "వచ్చిందక్కా!" అంది.

ఇప్పుడు ఆ ఫైల్లో ఒక గీత ఉంది. మారనివి పైన, మారేవి కింద. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు కస్టమర్ పేరు మొదట్లో పెడదామన్నాడు. గీత కింద పెట్టించి, ఆ పాత లాగులు తీసి అరగంట కూర్చుని చూపించాను.