గండు ఎలుకకీ రాకాసి ఎలుకకీ తేడా ఉండాలి

నేలమాళిగల్లో మృగాలతో పోరాడే డంజన్ గేమ్ కోసం మృగాల పట్టిక సరిచేస్తూ కూర్చున్నా. పేరు చూడగానే ఎంత దెబ్బ పడుతుందో ఆడేవాడికి తెలియాలి. మన దగ్గర పిల్ల, మామూలు, గండు, రాకాసి అని నాలుగు మెట్లు చాలు. గండు అంటే ప్రాణం రెండింతలు అనుకుంటే ఎలుకకైనా ఉడుముకైనా అదే లెక్క. ఒక్కచోట తప్పినా ఆడేవాడు ఇక పేరుని నమ్మడు. ‘విష’ అని పెట్టి విషం ఎక్కించకపోవడం అయితే శుద్ధ మోసం.

1980 నాటి రోగ్ అనే ఇలాంటి గేమ్‌లో మ్యాప్ మీద మృగానికో ఇంగ్లీషు పెద్దక్షరం, మొత్తం 26. నెట్‌హ్యాక్ అనే మరో గేమ్‌లో అక్షరం జాతికి గుర్తు: చిన్న ఎస్ సాలీళ్లు, జెర్రులు, పెద్ద ఎస్ పాములు. తెలుగు అక్షరాలతో ఇది కుదరదు, ఒత్తులు గడి దాటిపోయి మ్యాప్ వరసలు చెదిరిపోతాయి. మ్యాప్ మీద బొమ్మ, పోరు సంగతి చెప్పే వాక్యంలో పేరు, అంతే.

అసలు చిక్కు పొడవుతో. ‘క్ష’ కంటికి ఒకటే అక్షరం, కంప్యూటర్ అక్షరాలని దాచుకునే యూనికోడ్ లెక్కలో మూడు గుర్తులు. పేరుని 12 గుర్తుల దగ్గర కోసేస్తే పొల్లు మిగిలి వికారంగా కనిపిస్తుంది. కంటికి కనిపించే అక్షరాలే లెక్కపెట్టండి. లోపలి ఐడీ మాత్రం జంతువుతో మొదలుపెట్టాలి, ‘ఉడుము_గండు’ అని. లేకపోతే వరస పెట్టినప్పుడు గండువన్నీ ఒక గుంపైపోయి ఉడుములు తలో చోట పడతాయి.

చోటు పేరు ఒక్కటే చాలు. ‘రొయ్యలగుంట ఉడుము’ నెల్లూరోళ్లకి వెంటనే ఎక్కుతుంది. దానికి ఎర్ర, విష, రాకాసి అన్నీ తగిలిస్తే పెళ్లిపత్రికలా ఉంటుంది. ఒంగోలు గిత్తని మాత్రం ఏ ముందుమాటా లేకుండా ఆఖరి గదిలో వదిలేశా.