కాటా ప్రోగ్రాంకి స్టాటిక్ ఎనాలిసిస్ పెట్టి చూశాం – నా అనుభవం

పాత సీ లాంగ్వేజి కోడు చేతికొచ్చి, అది రాసినాయన అందుబాటులో లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి అని ఈ మధ్య ఒకరిద్దరు అడిగారు, అందుకని మేం చేసింది చేసినట్టు రాస్తున్నాను. మాది విజయనగరం, వేబ్రిడ్జిలకి కంప్యూటర్ సైడు పని చేస్తాం. కాటా కింద బరువు పసిగట్టే లోడ్ సెల్స్, వాటి నుంచి బరువు అంకెల్లో చూపించే ఇండికేటర్, ఇండికేటర్ నుంచి సీరియల్ కేబులు మా లినక్స్ బోర్డుకి, అక్కణ్ణించి స్లిప్పు ప్రింటరుకి, అంతే సెటప్. నరసన్నపేట, రాజాం, చీపురుపల్లి వైపు రైస్ మిల్లులు, పలాసలో జీడి పిక్కలు కొనేవాళ్లు మా కస్టమర్లు. బోర్డులో నడిచేది ఏడెనిమిది వేల లైన్ల సీ ప్రోగ్రాం, అది రాసినాయన ఎప్పుడో హైదరాబాద్ వెళ్లి సెటిలైపోయాడు.

అసలు బాధ ధాన్యం సీజన్లో. నవంబరు నుంచి సంక్రాంతి దాకా మిల్లుల దగ్గర ట్రాక్టర్లు లైను కడతాయి కదా, సరిగ్గా అప్పుడే ప్రోగ్రాం బిగుసుకుపోయేది, స్క్రీను మీద ముందు బండి తూకం అలాగే నిలబడిపోయేది. నరసన్నపేట నుంచి కాటా దగ్గర కూర్చునే పెద్దాయన ఫోన్ చేసి "బాబూ, బండి దిగిపోనా పాత తూకమే చూపిస్తంది, ఏటి సెయ్యమంటావు" అనేవాడు. స్విచ్చి ఆపి మళ్లీ వెయ్యండి అంటే బాగైపోయేది, కొన్నాళ్లకి మళ్లీ అదే ఫోను. నాకైతే ఇది చిన్న విషయంగా ఎప్పుడూ అనిపించలేదు, ఎందుకంటే ఆ పెద్దాయన గమనించబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఒక రైతు ధాన్యానికి ఇంకొకరి తూకం పడిపోతుంది, ఆ స్లిప్పు పట్టుకునే డబ్బులు ఇస్తారు.

ఆఫీసులో ఎంత నడిపినా ఇది రాలేదు. అందుకే నడిపి పట్టుకునే పద్ధతి పక్కన పెట్టి, నడపకుండానే కోడు చదివే టూల్స్ వైపు వెళ్లాం. స్టాటిక్ ఎనాలిసిస్ అంటే అదే, ప్రతి ఇఫ్ దగ్గరా అటు వెళ్తే ఏమవుతుంది, ఇటు వెళ్తే ఏమవుతుంది అని దారులన్నీ టూలే వెతుక్కుంటుంది, మనం టెస్టులో ఎప్పుడూ తొక్కని దారి కూడా. ఇదేం కొత్త ఆలోచన కాదు, 1978లోనే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ కోసం లింట్ అని రాశాడు.

ముందు మాత్రం ఏ కొత్త టూలూ దించలేదు, సీ కోడుని ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ జీసీసీనే సరిగ్గా అడిగాం. ప్రోగ్రాం ఎలా కంపైల్ చెయ్యాలో రాసి ఉండే మేక్‌ఫైల్ తెరిచి చూస్తే మైనస్ డబ్ల్యూ అని చిన్న అక్షరంతో ఒక ఆప్షన్ ఉంది, దానర్థం వార్నింగులు ఒక్కటి కూడా చూపించొద్దని. అది తీసేసి వార్నింగులు చూపించమనే వాల్, ఎక్స్‌ట్రా రెండూ పెట్టాం, దాంతోపాటు ప్రోగ్రాం వేగంగా నడిచేలా మార్చే ఓ2 ఆప్టిమైజేషన్ కూడా, ఎందుకంటే విలువ పెట్టకుండా వేరియబుల్ వాడారేమో అని అనుమానంగా చెప్పే వార్నింగ్ ఆప్టిమైజేషన్ లేకుండా పని చెయ్యదు. స్క్రీన్ నిండా వార్నింగులొచ్చాయి. చాలావరకూ సైన్డ్ అన్‌సైన్డ్ పోలికలు (మైనస్ పట్టే నంబరుని పట్టని నంబరుతో పోల్చడం), వాడని వేరియబుల్స్. అవి త్వరగానే అయిపోయాయి.

తర్వాత సీపీపీచెక్. పేరులో సీ ప్లస్ ప్లస్ ఉన్నా సీకి కూడా పని చేస్తుంది, డేనియల్ మార్యమాకి అనే ఆయన 2007లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ టూలు, డెబియన్ లినక్స్‌లో ఆప్ట్ అనే ఇన్‌స్టాలర్‌తో ఒక్క కమాండుకి వచ్చేస్తుంది. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే ఖచ్చితమైన ఎర్రర్లు మాత్రమే చూపిస్తుంది. చాలామంది వెంటనే ఎనేబుల్ ఆల్ పెట్టేస్తారు, దాంతో ఈ వేరియబుల్‌ని లోపలి బ్లాకులో పెట్టుకోవచ్చు, ఆ పారామీటర్ని కాన్స్ట్ చెయ్యొచ్చు, ఫలానా హెడర్ దొరకలేదు అని వందల లైన్లు వచ్చి పడతాయి, ఆ రొదలో అసలుది కనపడదు, రెండో రోజుకి టూలు మూలన పడుతుంది. మేం ఎర్రర్లూ వార్నింగులూ వరకే పెట్టాం, స్టైల్ సంగతి తర్వాత. మా కోడులో ప్రింటర్ మోడళ్ల కోసం ఇఫ్‌డెఫ్‌లు (ఏ ముక్క కంపైల్ అవ్వాలో ఎంచే షరతులు) బోలెడు ఉన్నాయి, సీపీపీచెక్ మామూలుగా ఒక్కో ఫైలుకి 12 కాంబినేషన్ల దాకానే చూస్తుంది, అన్నీ చూడాలంటే ఫోర్స్ ఆప్షన్ ఇవ్వాలి, టైం ఎక్కువ పడుతుంది గానీ మాకు తప్పదు. ఇంకోటి, రిపోర్టు వచ్చేది స్టాండర్డ్ ఎర్రర్ అనే విడి అవుట్‌పుట్ మీదకి, మామూలుగా ఫైలులోకి మళ్లిస్తే ఖాళీ ఫైలు మిగులుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. సీపీపీచెక్‌కి సీ స్టాండర్డ్ లైబ్రరీ ముందే తెలుసు, ఎఫ్‌ఓపెన్ చేస్తే ఎఫ్‌క్లోజ్ చెయ్యాలని దానికి చెప్పక్కర్లేదు. కానీ సీరియల్ పోర్టు తెరిచే ఓపెన్, క్లోజ్ ఉన్నాయి చూడండి, అవి సీ స్టాండర్డ్‌లోవి కావు, పాజిక్స్ అనే యూనిక్స్ తరహా సిస్టమ్స్ స్టాండర్డ్‌వి. వాటి సంగతి టూలుకి తెలియాలంటే లైబ్రరీ ఈక్వల్స్ పాజిక్స్ అని విడిగా చెప్పాలి. చెప్పకముందు ప్రింటర్ ఫైలు శుభ్రంగా ఉందంది. చెప్పాక అదే ఫైలులో ఒక లైను చూపించి రిసోర్స్ లీక్ అంది, అంటే తెరిచింది మూయలేదని.

ఆ ఫంక్షన్ చేసే పని ఇది. ప్రింటర్ పోర్టు తెరుస్తుంది, కాగితం ఉందా అని స్టేటస్ కమాండ్ పంపి ప్రింటర్ని అడుగుతుంది, లేదని జవాబొస్తే మైనస్ వన్ రిటర్న్ చేసి వెళ్లిపోతుంది. పోర్టు మాత్రం మూయదు. దాన్ని పిలిచే చోట, కాగితం పెట్టేదాకా సెకనుకొకసారి మళ్లీ పిలిచే లూప్. లినక్స్‌లో ఒక ప్రాసెస్‌కి మామూలుగా 1024 ఫైల్ డిస్క్రిప్టర్లే లిమిట్, తెరిచి ఉంచిన ప్రతి ఫైలుకీ పోర్టుకీ ఒకటి ఖర్చవుతుంది. అంటే కాగితం రోలు అయిపోయాక ఇంచుమించు 17 నిమిషాల్లో కోటా అయిపోతుంది, ఆ తర్వాత ప్రోగ్రాం కొత్తగా ఏదీ తెరవలేదు, ఇండికేటర్ పోర్టుని కూడా. ప్రతి తూకానికీ ఆ పోర్టుని మూసి మళ్లీ తెరిచే పద్ధతి పెట్టారు కాబట్టి కొత్త తూకం రాదు, పాతది స్క్రీను మీద ఉండిపోతుంది. సీజన్లోనే ఎందుకు అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది, రోళ్లు అయిపోయేది అప్పుడే, భోజనానికి వెళ్లిన టైంలో అయిపోతే అరగంట ఎవరూ చూడరు. ఆఫీసులో మా టేబుల్ మీద ప్రింటర్లో ఎప్పుడూ కాగితం ఉంటుంది, ఇంకెలా దొరుకుతుంది? ఆ లైను చదివి ఇవన్నీ ఒకదానికొకటి కలిసిన క్షణాన నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. రిటర్న్‌కి ముందు ఒక క్లోజ్ పెట్టాం. ఇంకో మార్పు కూడా చేశాం, పోర్టు తెరవలేకపోతే పాత తూకం చెరిపేసి ఎర్రర్ చూపించాలని. నా దృష్టిలో క్లోజ్ కన్నా అదే ముఖ్యం.

ఇంకో మంచి దొరుకుడు బండి నంబరు దగ్గర. నంబరు దాచే బఫర్ సైజు 10. డిఫాల్ట్‌గా అందులోకి ఏపీ39 సిరీస్‌లో ఒక డమ్మీ నంబరు కాపీ చేస్తున్నారు, సీపీపీచెక్ ఆ లైను పట్టుకుని బఫర్ దాటిపోతోంది అంది. లెక్క చూడండి, పాత బళ్ల నంబర్లు ఏపీ30 తర్వాత ఒకే అక్షరం, నాలుగు అంకెలు, మొత్తం 9, చివర మాట ముగిసిందని చెప్పే జీరో బైటుతో కలిపి 10, సరిపోయింది. రెండక్షరాల సిరీస్ వస్తే 11. ఆ పదకొండో బైటు వెళ్లి స్ట్రక్చర్లో పక్కనున్న ఫ్లాగ్ మీద పడుతుంది, అది లోడు బండా ఖాళీ బండా అని చెప్పే ఫ్లాగ్. శ్రీకాకుళం పాత బళ్లతో ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా నడిచిన కోడు కొత్త బళ్లతో ఎందుకు తేడా చేస్తుందో అప్పుడు అర్థమైంది.

మా దగ్గర పని చేసే తమ్ముడు ఒకడున్నాడు, చురుకైనవాడు. విలువ పెట్టలేదేమో అన్న వార్నింగులు చూసి "అన్నయ్యా, అన్నిటికీ ఈక్వల్స్ జీరో పెట్టేస్తే క్లీన్ అయిపోద్ది కదా" అన్నాడు. నేను వద్దన్నాను. కొన్ని చోట్ల జీసీసీది ఉత్త అనుమానమే, పైన ఏ కండిషన్లో విలువ పెట్టారో కింద అదే కండిషన్లోనే వాడారు, రెండూ ఒకటేనని దానికి తెలీదు. కానీ తూకం చదివే ఫంక్షన్లో మాత్రం నిజమే, చదవడం ఫెయిలైతే వేరియబుల్‌లో చెత్త ఉంటుంది. అక్కడ జీరో పెడితే వార్నింగ్ పోతుంది, సున్నా కేజీల స్లిప్పు వస్తుంది. అక్కడ ఉండాల్సింది స్లిప్పు ఆపేసే కోడు. 2006లో డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీకి జరిగింది వాడికి చెప్పాను. వాల్‌గ్రైండ్ అనే టూలు, అది ప్రోగ్రాం నడిపి చూసేది, విలువ పెట్టని మెమరీ వాడుతున్నారని చెప్తే ఆ వార్నింగ్ పోవడానికి కోడులో లైన్లు కామెంట్ చేసేశారు. దాంతో రాండమ్ నంబర్లకి ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రాంకి సిస్టమ్ ఇచ్చే నంబరు) తప్ప ఆధారం లేకుండా పోయింది, ఆ సిస్టమ్స్‌లో తయారైన కీలు ఊహించెయ్యగలిగేంత తక్కువ రకాలకి పడిపోయాయి, 2008లో గానీ బయటపడలేదు. అప్పట్నుంచి మావాడు ప్రతి వార్నింగుకీ ముందు కారణం రాసి తర్వాతే చెయ్యి పెడుతున్నాడు. ఉత్త అనుమానమైతే ఆ లైను పైన, ఇది చూపించొద్దని టూలుకి చెప్పే సప్రెస్ కామెంటూ, ఎందుకు సప్రెస్ చేశామో ఒక వాక్యమూ.

క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ వాళ్ల ఎనాలిసిస్ టూలు స్కాన్‌బిల్డ్ కూడా పెట్టాం. దీని గొప్పతనం రిపోర్టులో ఉంది, బ్రౌజర్లో మన కోడే చూపించి ఒకటి, ఇక్కడ ఈ కండిషన్ నిజమనుకున్నాను, రెండు, ఇక్కడ మెమరీ తీసుకున్నావు అని మెట్లు మెట్లుగా రాస్తుంది, కొత్తగా చేరినవాళ్లకి సీ నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనపడలేదు. రెండు జాగ్రత్తలు. పాత బిల్డు చెరిపేసే మేక్ క్లీన్ చెయ్యకుండా నడిపితే కంపైల్ చెయ్యడానికి ఏమీ ఉండదు, బగ్స్ లేవంటుంది. మేక్‌ఫైల్‌లో కంపైలర్ పేరు జీసీసీ అని రాసేసి ఉంటే స్కాన్‌బిల్డ్ మధ్యలోకి దూరలేదు, మేక్‌కి మైనస్ ఈ ఇస్తే దూరుతుంది. జీసీసీలో కూడా 2020లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఎఫ్ ఎనలైజర్ అని సొంతది ఉంది, 13 నుంచి అది డిస్క్రిప్టర్ లీకులు కూడా చూస్తుంది.

ఇన్ని పెట్టినా ఏ టూలూ పట్టుకోనిది ఒకటి ఉంది. గోనె సంచుల బరువు రెండు చోట్ల తీసేస్తున్నారు, ఒకసారి తూకం దగ్గర, ఒకసారి బిల్లు దగ్గర. సీ భాష ప్రకారం అందులో తప్పేమీ లేదు, బస్తాకి గోనె ఒక్కసారే తియ్యాలని టూలుకి ఎవరు చెప్తారు? వార్నింగుల కోసం ఆ ఫైళ్లు లైను లైనూ చదువుతుంటే మా కంటికే కనపడింది. రైతుకి పోయే కేజీలు అవి, అదే రోజు సరిచేసి మిల్లులన్నిటికీ పంపించాం.

ఇప్పుడు సీపీపీచెక్ మేక్‌ఫైల్‌లోనే ఉంది. ఎర్రర్ ఎగ్జిట్‌కోడ్ 1 పెట్టాం కాబట్టి కొత్తగా ఏదైనా వస్తే బిల్డు ఆగిపోతుంది, మిల్లుకి వెళ్లే ఫైలు తయారవదు.

ప్రస్తుతం ఇండికేటర్ కోడు మీద పడ్డాం. అందులో చిప్ ఏవీఆర్ అనే చిన్న మైక్రోకంట్రోలర్, అక్కడ ఇంట్ (పూర్ణ సంఖ్య దాచే రకం) అంటే 16 బిట్లే, 32767 దాటితే పట్టదు, లారీ కేజీలు సులువుగా దాటేస్తాయి. సీపీపీచెక్ మన పీసీ లెక్కలో ఇంట్ 32 బిట్లు అనుకుని చూస్తే అలాంటివి దానికి ఆనవు, అందుకని ప్లాట్‌ఫాం ఏవీఆర్8 అని ఇచ్చి నడుపుతున్నాం. మొదటి రిపోర్టు వచ్చింది, తమ్ముడు కారణాలు రాస్తున్నాడు.