సెరీస్ ఒక్క ఊరికే: జూలియై ఆట డైరీ

రోమ్: టోటల్ వార్ అనే కంప్యూటర్ యుద్ధ గేమ్‌లో జూలియై కుటుంబంతో ఇది నా నాలుగో ఆట. 2004లో వచ్చిన పాతదే, రీమాస్టర్ కాదు. నా ల్యాప్‌టాప్ వయసుకు అదే సరిజోడు. ముందు మూడు ఆటల్లో నేను యుద్ధాల్లో ఓడింది తక్కువ. గాల్ దేశం సగం గెలిచి వెనక్కి తిరిగి చూస్తే సొంత ఊళ్ళే ఎర్ర మొహాలేసుకుని కూర్చునేవి. సరిహద్దులో ఉండాల్సిన సైన్యం అరీటియం వీధుల్లో లాఠీ పట్టుకుని తిరిగేది. తప్పు గుళ్ళ దగ్గర జరుగుతోందని తెలియడానికి మూడు ఆటలు పట్టింది. అందుకే ఈసారి ఏ ఊళ్ళో ఏ గుడి ఎందుకు కట్టానో పక్కన నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఆడుతున్నా. ఆ రాతలే ఇవి, కాస్త సరిచేసి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. రోమన్ కుటుంబాలు మూడు, ఒక్కోదానికి ముగ్గురు దేవుళ్ళు. జూలియైకి సెరీస్, జూపిటర్, బాకస్. బ్రూటైకి మార్స్, మెర్క్యురీ, జూనో. స్కిపియైకి సాటర్న్, నెప్ట్యూన్, వల్కన్. ఊరికి ఒక్క గుడే. దేవుణ్ణి మార్చాలంటే ఉన్నది పడగొట్టి, చిన్న మందిరం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. గుడికి ఐదు మెట్లుంటాయి, అవి ఊరి సైజుతో ముడిపడి ఉంటాయి. జనాభా 400, 2000, 6000, 12000, 24000 దాటినప్పుడల్లా గవర్నర్ భవనం పెంచుకోవచ్చు, అది పెంచాకే గుడికి పై మెట్టు.

మన ముగ్గురి సంగతి: సెరీస్ జనాభా పెంచుతుంది, కొంచెం సంతోషం ఇస్తుంది. జూపిటర్ సంతోషంతో పాటు చట్టం ఇస్తాడు. మద్యం దేవుడు బాకస్ ఇచ్చేది సంతోషం ఒక్కటే, కానీ ఆ ఒక్కటీ మిగతా ఇద్దరికంటే ధారాళంగా ఇస్తాడు.

ఇంకోటి. ఆట మొదలుపెట్టే తెర మీదే అన్ని ఊళ్ళూ నేనే చూసుకుంటానని టిక్ పెట్టే గడి ఒకటుంది. అది పెట్టకపోతే గవర్నర్ లేని ఊళ్ళో ఏం కట్టాలో మీ చేతిలో ఉండదు. ఆ టిక్ విలువ నాకు చివర్లో తెలిసొచ్చింది.

క్రీ.పూ. 270, ఎండాకాలం

చేతిలో రెండే ఊళ్ళు, అరీటియం, అరిమినం. ఇప్పటి ఆరెట్సో, రిమినీ. (అసలు చరిత్రలో రోమ్ వాళ్ళు అరిమినంలో కాలనీ పెట్టింది 268లో. ఆట రెండేళ్ళు ముందే ఇచ్చేసింది. కాదనడం ఎందుకు.)

పాత ఆటల్లో రెండిట్లోనూ కళ్ళు మూసుకుని సెరీస్ కట్టేవాణ్ణి. జనం పెరిగితే పన్ను పెరుగుతుంది, పన్ను పెరిగితే సైన్యం పెరుగుతుంది అని లెక్క. ఆ లెక్క మొదటి 40 ఏళ్ళు నిజమే. తర్వాతే మురికి మొదలవుతుంది. ఊరి వివరాల తెరలో స్క్వాలర్ అని కనిపించేది అదే. జనం పెరిగే కొద్దీ అది అటు గ్రోత్‌నీ (జనాభా పెరుగుదల) ఇటు పబ్లిక్ ఆర్డర్‌నీ (ఊరి ప్రశాంతత; కింద ఆర్డర్ అన్నది దీన్నే) రెండు వైపులా కొరుకుతుంది. సెరీస్ ఇచ్చే గ్రోత్ మాత్రం ఆగదు. పైగా ఆవిడిచ్చే సంతోషం, తాను తెచ్చిన జనం చేసే మురికికి ఏ మూలకూ చాలదు.

అందుకే ఈసారి సెరీస్ అరీటియానికి మాత్రమే. దానికీ కారణం ఉంది. ఇటలీలో ఒక ఊరు 24000 దాటి, అక్కడ ఇంపీరియల్ ప్యాలెస్ (గవర్నర్ భవనం చివరి మెట్టు) లేస్తే తప్ప సైన్యాన్ని మార్చే మారియస్ సంస్కరణలు రావు, లీజియన్ సైనికులు రారు. ఎవరో ఒకరు ఆ బరువు మోయాలి. అరీటియం మోస్తుంది. అరిమినంలో ప్రస్తుతానికి ఏమీ కట్టలేదు, రోడ్లూ పొలాలూ ముందు.

268

సెనేట్ మొదటి పని సెగెస్టా. రెబెల్స్ చేతిలో ఉన్న చిన్న ఊరు, రెండు టర్నుల్లో (ఆటలో ఒక్కో విడత ఒక టర్ను) అయిపోయింది. ఇలాంటి చోట సెరీస్ పెట్టాలనే అనిపిస్తుంది, జనం లేరు కదా అని. నేను పెట్టలేదు. జనాన్ని గుడి కంటే వేగంగా తెచ్చే దారి ఒకటుంది, మోసుకొచ్చుకోవడమే. సైన్యం సైజు అన్నిటికంటే పెద్దది పెట్టుకుని ఆడతాను కాబట్టి ఒక పెజెంట్ (రైతుల) దళం అంటే 240 మంది. అరీటియంలో ఎత్తి, సెగెస్టాకు నడిపించి, ఊళ్ళోపల దళాన్ని రద్దు చేస్తే ఆ 240 మందీ సెగెస్టా జనాభాలో కలిసిపోతారు. ఆరు దళాలంటే 1440. దారిలో జీతం దండగే, కానీ 2000 మెట్టు ఎక్కడానికి గుడితో పోలిస్తే ఇది చాలా ముందు. అరీటియంలో రద్దీ తగ్గడం కొసరు.

సెగెస్టాకు జూపిటర్.

264 నుంచి: మెడియోలానం

ఇది చదివి నవ్వుకోండి. మెడియోలానం, అంటే ఇప్పటి మిలాన్, గాల్ వాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్నా. (అసలు రోమ్‌కు అది దక్కింది 222లో.) జనాన్ని చంపకుండా, బానిసలుగా తరలించకుండా, మామూలుగా ఆక్రమించుకున్నా. మంచివాణ్ణి కదా. ఊళ్ళో గాల్ గుడి ఉంది. మనం దాన్ని పై మెట్టుకు కట్టలేం, పైగా పరాయి కట్టడాలు ఉన్నంతకాలం సంస్కృతి తేడా అని ఆర్డర్‌లో కోత పడుతూనే ఉంటుంది. వచ్చిన టర్నులోనే గుడి పడగొట్టి, చేతికొచ్చిన నాలుగు డబ్బులు జేబులో వేసుకుని, జూపిటర్ మందిరానికి ఆర్డర్ ఇచ్చి, సైన్యాన్ని పటావియం వైపు నడిపించా. ఊళ్ళో వదిలింది రెండు దళాలు.

మందిరం లేచేలోపే గాల్ గుడి ఇచ్చే సంతోషం పోయింది. ఆర్డర్ 65. తర్వాతి టర్ను 50. ఆ తర్వాత అల్లర్లు, నా రెండు దళాలనూ గెంటేసి ఊరు రెబెల్స్ పాలు. గెలిచిన ఊరిని మళ్ళీ ముట్టడి వేసి గెలవడం ఎంత సిగ్గుగా ఉంటుందో ఆడినవాళ్ళకు తెలుసు. రెండోసారి మంచివాడిగా ఉండలేకపోయా.

పటావియంలో నేర్చుకున్న పద్ధతి ఇది, ఇప్పటికీ మార్చలేదు. ఊరు చేతికి రాగానే పన్ను అట్టడుగుకు దించాలి. గుడి జోలికి పోకూడదు. ముందు గవర్నర్ భవనం పెంచడానికి వీలుంటే అది పెంచాలి, సంస్కృతి కోతలో పెద్ద వాటా దానిదే. పెజెంట్ దళాలు నాలుగైదు తెచ్చి ఊళ్ళో పడేయాలి. గ్యారిసన్ (ఊరి కాపలా సైన్యం) లెక్కలో ఆట చూసేది తలకాయలనే, కత్తి పట్టడం వచ్చా రాదా అని కాదు. ఆర్డర్ వరసగా రెండు టర్నులు 100 దాటి నిలబడితే అప్పుడు పాత గుడి పడగొట్టి, అదే టర్నులో మనది మొదలుపెట్టాలి. నాకు పటావియంలో దీనికి ఐదు టర్నులు పట్టింది. తిరుగుబాటు అణచడానికి మెడియోలానంలో పట్టింది తొమ్మిది.

(పటావియం ఆటలో గాల్ వాళ్ళది. నిజానికి అది వెనెటీ జాతి ఊరు, రోమ్‌తో స్నేహంగా ఉన్నవాళ్ళు. చరిత్రకారుడు లివీ పుట్టింది అక్కడే. ఆయన పేరు కింద మళ్ళీ వస్తుంది.)

251: కారలిస్

సార్డినియాలో కార్తేజ్ వాళ్ళ ఊరు. చిన్నదే, కానీ సముద్రం అడ్డం. వివరాల తెర తెరిస్తే రాజధానికి దూరం అని ఒక కోత, లెక్కల తెరలో అవినీతి కింద పోయే డబ్బు ఇంకో కోత. ఏ దేవుడు మంచివాడు అని ఆలోచించడం మానేసి, ఎర్ర గుర్తుల్లో ఏది పొడుగ్గా ఉందో చూసి గుడి కట్టడం అలవాటైంది ఇక్కడే. దూరం, అవినీతి ఉన్నచోట జూపిటర్. చట్టం ఆర్డర్‌ను పెంచడమే కాదు, మధ్యలో తినేసే డబ్బునూ తగ్గిస్తుంది. గుడినీ గుళ్ళో లింగాన్నీ మింగేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారు, కారలిస్‌లో కొంచెం ఎక్కువ. రెండో మెట్టు గుడి లేచాక ఊరు నష్టంలోంచి బయటపడింది. పెద్ద లాభమేం కాదు, కానీ ఇక నేను ఎదురు డబ్బు పెట్టనక్కర్లేదు.

245 నుంచి 218 దాకా: అరిమినం, బాకస్, అల్లుడు

అరిమినం 6000 దాటింది. రేవు, రోడ్లు, వ్యాపారం, అన్నీ బాగున్నాయి. దూరం లేదు, సంస్కృతి తేడా లేదు, ఉన్నదల్లా మురికే. మురికికి మందు సంతోషం. అంటే బాకస్. 245లో మందిరం, పదేళ్ళలో మూడో మెట్టు. పన్ను గరిష్ఠానికి పెట్టినా ఊరు పచ్చగా నవ్వుతూ ఉంది. పన్ను ఎక్కువ వేస్తే గ్రోత్ కూడా తగ్గుతుంది, అంటే మురికి పెరగడమూ నెమ్మదిస్తుంది. ఇంత సులువా అనుకున్నా.

గవర్నర్‌గా పెళ్ళి సంబంధం ద్వారా కుటుంబంలోకి వచ్చిన ఒక అల్లుడిని కూర్చోబెట్టా. వచ్చినప్పుడు బుద్ధిమంతుడు. నాలుగేళ్ళలో తాగుడు గుణం అంటుకుంది. తర్వాత అది ముదిరింది. అల్లుడి పరివారంలో ఎవరెవరో చేరారు. ఊరి ఆదాయం ఎందుకు తగ్గుతోందా అని చూస్తే ఈయన పాలనా సామర్థ్యం సున్నా. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అలా. ఇక్కడ పూజారే దేవుడి ప్రసాదం మొత్తం తాగేశాడు.

218లో కోపంతో బాకస్ గుడి పడగొట్టేశా. ఈసారి మెడియోలానం పాఠం గుర్తుంది కాబట్టి ముందే ఏడు పెజెంట్ దళాలు తెచ్చి, పన్ను దించి, గుర్రపు పందేలు పెంచి మరీ పడగొట్టా. ఆర్డర్ 115 నుంచి 80కి వచ్చి ఆగింది. ఊరు నిలబడింది, కానీ పన్ను దించడం వల్ల ఆరు టర్నుల ఆదాయం పోయింది.

సరదా ఏంటంటే, నిజమైన సెనేట్ కూడా ఇదే పని చేసింది, నాకంటే 32 ఏళ్ళు ఆలస్యంగా. క్రీ.పూ. 186లో బాకస్ పూజల మీద ఇటలీ అంతటా నిషేధం పెట్టారు. ఆ కథను వివరంగా రాసినవాడు మన పటావియం లివీయే. ఆ శాసనం చెక్కిన కంచు రేకు దక్షిణ ఇటలీలో టిరియోలో దగ్గర దొరికింది, ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. దాని ప్రకారం ఎవరికైనా పూజ తప్పనిసరైతే నగర ప్రీటర్‌ను (న్యాయాధికారిని) అడగాలి, వందకు తగ్గకుండా సభ్యులున్న సెనేట్ ఒప్పుకోవాలి, అప్పుడు కూడా ఐదుగురికి మించి కూడకూడదు, ఇద్దరు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. ఆటలో మాత్రం సెనేట్‌కు ఇవేవీ పట్టవు, ఊరూరా బాకస్ కట్టుకున్నా ఏమీ అనదు. జూలియైకి బాకస్ ఎందుకిచ్చారో నాకెప్పుడూ అర్థం కాదు, నిజంగా ఆ కుటుంబం తమ మూలపురుషురాలిగా చెప్పుకున్నది వీనస్‌ను.

గుడి పడగొట్టిన వారానికి వెలిగింది. చేతులు కాలాక ఆకులు. ఆ గుణాలు అంటేది ఊళ్ళో కూర్చున్న కుటుంబ సభ్యుడికే, జనానికి కాదు. అల్లుణ్ణి ఊరి బయటికి పంపేస్తే సరిపోయేది! మొదట్లో పెట్టిన ఆ టిక్ పుణ్యమా అని గవర్నర్ లేకపోయినా ఊరిని నేనే నడపగలను. మంచి గవర్నర్ పోతే అతనిచ్చే కలిసొచ్చే పాయింట్లు పోతాయి, కానీ తాగుబోతు గవర్నర్ వల్ల అవెలాగూ లేవు. ఇప్పుడు పటావియంలో బాకస్ ఉన్నాడు, గవర్నర్ లేడు. ఊరు హాయిగా ఉంది. నా కుటుంబంలో ఎవరూ రాత్రి అక్కడ ఆగకుండా చూసుకుంటున్నా, సైన్యంతో వెళ్ళే సేనాపతి కూడా ఊరి బయటే విడిది.

216, చలికాలం: ఇప్పుడు

అరీటియం 222లో 24000 దాటింది. ఇంపీరియల్ ప్యాలెస్ లేచింది, సంస్కరణలు వచ్చాయి. సెరీస్ పని అయిపోయింది. రోమ్‌లో అవెంటైన్ కొండ మీద ఆవిడ గుడి కరువు రోజుల్లో మొక్కుకుని క్రీ.పూ. 493లో ప్రతిష్ఠించారని చెప్తారు. తిండి లేని ఊరికి ఆవిడ తల్లే, తిండి ఎక్కువైన ఊరికి బరువు. అరీటియంలో ఆర్డర్ ఇప్పుడు 80 దగ్గర ఊగుతోంది, మురికి కోతే అన్నిటికంటే పొడుగు. అయినా నాలుగో మెట్టు గుడిని పడగొట్టడానికి చెయ్యి రావట్లేదు, ఒక్క దెబ్బలో పోయే సంతోషం చాలా ఎక్కువ. ప్రస్తుతం చేస్తున్నది, టర్నుకో పెజెంట్ దళం ఎత్తి నార్బో మార్టియస్‌కు పంపడం. పోయిన ఎండాకాలమే గెలిచాం, అక్కడ మనుషులు కావాలి, ఇక్కడ అక్కర్లేదు.

నార్బోలో గాల్ గుడి ఇంకా నిలబడే ఉంది. ఆర్డర్ 95. దూరం కోత ఉంది కాబట్టి అక్కడ జూపిటరే.

బ్రూటై వాళ్ళు గ్రీసులో మెర్క్యురీ గుళ్ళు కట్టుకుంటూ పోతున్నారని గూఢచారి చూసొచ్చాడు. వాళ్ళతో అంతర్యుద్ధం ఎప్పటికైనా తప్పదు. ఆ ఊళ్ళు చేతికొస్తే ఆ గుళ్ళను ముట్టుకోను. రోమన్ గుళ్ళే కాబట్టి సంస్కృతి కోత ఉండదు, మనం పై మెట్టు కట్టలేకపోయినా వ్యాపారం వాటా వస్తూనే ఉంటుంది. పుస్తకంలో చివరి పేజీలో పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకున్నా, ఆవేశంలో మళ్ళీ పడగొట్టేస్తానేమోనని.

రెండు దళాలు దారిలో ఉన్నాయి, వచ్చే టర్నుకు నార్బో చేరతాయి. 100 దాటితే గుడి పడుతుంది.