పదమూడు వాట్లు

పదకొండున్నరైంది. పడుకున్నా నిద్ర పట్టడం లేదు. పొద్దున బావ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "పదమూడు వాట్లు పోగొట్టుకున్నావు కదరా, దానికోసం అంత వంగడం ఎందుకు?"

హైదరాబాద్‌లో నార్సింగి నుంచి కొల్లూరు వైపు, ఆ సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్ మీద రానూపోనూ 20 కిలోమీటర్లు తొక్కాను. పోయిన ఆదివారం మామూలు హ్యాండిల్‌తో, కాళ్లు పెట్టిన శక్తి సగటున 218 వాట్లు, 35 నిమిషాల 30 సెకన్లు. ఈవేళ ఏరో బార్ల మీద, అంటే వంగి తొక్కడానికి హ్యాండిల్‌కి బిగించే కడ్డీల మీద, మోచేతులు ఆనించి, తల దించి, 205 వాట్లతో 34 నిమిషాల 50 సెకన్లు. నలభై సెకన్లు తగ్గాయి, సంతోషమే. బావ మాత్రం టీ కొట్టు దగ్గర నా ఫోన్ తీసుకుని వాట్ల దగ్గరే ఆగిపోయాడు. కిందనే ఉన్న టైము వైపు చూడనైనా లేదు. నలుగురి ముందూ అదే మాట రెండుసార్లు అన్నాడు.

కాళ్ల బలం సగం లెక్కే కదా! చదును రోడ్డు మీద గంటకు నలభై వేగంలో వెళ్తుంటే మనం పెట్టే శక్తిలో చాలా భాగం గాలికే పోతుంది. ఆ గాలికి ఎక్కువగా అడ్డుపడేది సైకిల్ కాదు, మన ఒళ్లు. 1989 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం చివరి రోజు సంగతి కూడా బావకి చెప్పాను. వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు. రెండో స్థానంలో ఉన్న లెమాండ్ 50 సెకన్లు వెనకబడి, ఏరో బార్లతో దిగాడు. ముందున్న ఫిన్యోన్ హెల్మెట్ లేకుండా, పిలక ఎగురుతుంటే తొక్కాడు. టూర్ మొత్తం 8 సెకన్ల తేడాతో లెమాండ్‌దైంది. "వాళ్లు వేరు, నువ్వు వేరు" అనేసి బావ టీ గ్లాసు పక్కన పెట్టాడు. అదే నచ్చలేదు నాకు. గాలికి వాళ్లయితేనేం, నేనయితేనేం?

ఈ సంగతి నాకు నాన్నగారి సైకిల్ మీదే తెలిసింది. కొవ్వూరులో ఉన్నప్పుడు గోదావరి వంతెన మీదుగా రాజమండ్రి వెళ్లేవాళ్లం. కింద రైలు, పైన రోడ్డు. నేను ముందు కడ్డీ మీద, కాళ్లు ఒకవైపుకి వేసుకుని. నది మధ్యకి వచ్చేసరికి ఎదురుగాలికి సైకిల్ కదిలేది కాదు. "తల దించరా, గాలి మన మీద నించి పోద్ది" అనేవారు. ఆయన గడ్డం నా నడినెత్తిన ఆనేది. చెమట వాసన, చొక్కా పటపటలాడే చప్పుడు, కింద గూడ్సు పోతుంటే కడ్డీలోంచి ఒంట్లోకి పాకే అదురు. అలా వంగగానే సైకిల్ కాస్త తేలికపడేది. అది నిజంగా తెలిసేది.

ఇది టైపు చేస్తుంటే ఇంకోటి గుర్తొస్తోంది. ఆయన వంతెన పొడుగునా వంగి ఉండేవారు కాదు. కొవ్వూరు వైపు ఎక్కుడులో దిగి నడిపించేవారు. పైకెక్కాక కూడా మధ్యమధ్యలో నడుం లేపి, గుండెనిండా ఊపిరి తీసుకుని మళ్లీ వంగేవారు.

ఇందాక గ్రాఫ్ మళ్లీ తెరిచాను. చివరి ఐదు కిలోమీటర్లలో వాట్లు 190కి పడిపోయాయి. మోకాళ్లు పొట్టకు తగులుతూ, తుంటి దగ్గర బిగిసిపోయి, ఊపిరి పైపైనే ఆడింది. పైగా పోయిన వారం గాలి ఎక్కువుంది, ఇవాళ ఆకు కదల్లేదు. ఆ నలభై సెకన్లన్నీ నా వంగుడువేనని గట్టిగా చెప్పలేను. బావ మాట పూర్తిగా తప్పు కాదేమో. ఎంత వంగితే కాలు ఇంకా మనస్ఫూర్తిగా తొక్కుతుందో అక్కడ ఆగాలి. నేను అది దాటిపోయినట్టున్నాను.

అయినా నలుగురి ముందు అలా అనాల్సింది కాదు.

గురువారం మోచేతుల ప్యాడ్లు ఒక సెంటీమీటరు లేపి, సీటు కాస్త ముందుకు జరిపి చూస్తాను. బావనీ రమ్మంటాను. ఈసారి ఫోన్ చేతికిచ్చే ముందు టైమే చూడమని చెప్పాలి.