2024 జూలైలో ఢాకా నుంచి ఇంటికి: నా అనుభవం

మాది ఖమ్మం. 2024 జూలైలో నేను ఢాకాలో ఎంబీబీఎస్ ఫోర్త్ ఇయర్‌లో ఉన్నాను, ఉత్తరా అనే ఏరియాలో ముగ్గురు ఇండియన్ అమ్మాయిలం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. అప్పుడు అక్కడ స్టూడెంట్ల ఉద్యమం, దానిమీద పోలీసుల కాల్పులు, అందులోంచి ఎలా బయటపడ్డావని అందరూ అడుగుతారు, చెప్తాను, కానీ నాకు అంతకంటే ఎక్కువ గుర్తుండిపోయింది మామూలు జనం ఆ తుపాకుల ముందుకి ఎందుకు వెళ్లారన్నదే.

మొదట్లో అది మాకు సంబంధం లేని గొడవ. 1971లో బంగ్లాదేశ్ స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన యోధుల కుటుంబాలకు సర్కారు ఉద్యోగాల్లో ఉన్న 30 శాతం కోటాని 2018లో తీసేశారు, అలా తీసెయ్యడం చెల్లదని 2024 జూన్ 5న హైకోర్టు చెప్పింది, దానిమీద యూనివర్సిటీ పిల్లలు రోడ్డెక్కారు. మా ప్రైవేట్ కాలేజీలో చాలామంది ఉన్నోళ్ల పిల్లలు, ఆ ఉద్యోగాల పరీక్ష రాసే ఆలోచనే లేదు వాళ్లకి. జూలై 14న ప్రధాని షేక్ హసీనా, కోటా యోధుల మనవళ్లకి కాకపోతే రజాకార్ల మనవళ్లకి ఇవ్వాలా అన్నారు. అక్కడ రజాకార్లంటే పాకిస్తాన్ సైన్యానికి సాయం చేసినవాళ్లు, అంతకు మించిన తిట్టు లేదు. ఆ రాత్రే హాస్టళ్లన్నీ బయటికొచ్చేశాయి. 16న రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే స్టూడెంట్ రెండు చేతులూ బార్లా చాపి పోలీసులకెదురుగా నిలబడితే కాల్చేశారు, ఆ వీడియో మా క్లాస్ గ్రూపులోకి వచ్చిన రాత్రి ఎవరూ కోటా గురించి మాట్లాడలేదు.

18న ప్రైవేట్ యూనివర్సిటీల పిల్లలు కూడా దిగారు. మా ఉత్తరాలోనే జనానికి నీళ్ల సీసాలు పంచుతున్న ముగ్ధో అనే కుర్రాడు తూటా తగిలి చనిపోయాడు. ఆ సాయంత్రం మా క్యాజువాల్టీకి ఒళ్లంతా పెల్లెట్లు (తుపాకీ చిన్న గుళ్లు) దిగినవాళ్లు వస్తూనే ఉన్నారు, కళ్లు పోయినవాళ్లూ ఉన్నారు. అందరూ స్టూడెంట్లే అనుకున్నాను, పేర్లు రాస్తుంటే తెలిసింది, కొట్టులో పనిచేసే పిల్లాడు, బస్సు హెల్పరు, గాయపడినవాళ్లని మోసుకొచ్చి తనే దెబ్బతిన్న రిక్షా అతను. మా ఇంట్లో పనిచేసే బువా కూడా జనానికి నీళ్లు మోస్తోందని తెలిసి, నీకెందుకు ఇదంతా అని అడిగాను. కోటా అంటే ఏంటో ఆవిడకి తెలీదు. మా బస్తీ పిల్లాడిని చంపారు, వాడు నా చేతుల్లో పెరిగాడు అంది, అని అంట్లు తోముకుంటూ ఉంది.

ఆ రాత్రికి నెట్ మొత్తం పోయింది. మాకు అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. ఫోన్‌తో డబ్బులు పంపే బీకాష్ పనిచేయదు, ఏటీఎంలలో డబ్బుల్లేవు, కరెంటుది ప్రీపెయిడ్ మీటరు, రీచార్జ్ చేసే దారి లేదు, ఆ ఆఫీసు ముందు వీధి చివరిదాకా లైను. అమ్మకి ఐఎస్‌డీ చేయాలంటే ఫోన్‌లో బ్యాలెన్స్ వేయించాలి, దానికి తెరిచిన షాపు దొరకాలి. ప్రభుత్వం నెట్ ఆపితే జనం ఇంట్లో కూర్చుంటారని ఎవరికి తోచిందో గానీ, ఫోన్‌లో చూస్తున్నవాళ్లు కూడా ఏం జరుగుతోందో చూద్దామని గేటు దాటి బయటికొచ్చారు.

19 అర్ధరాత్రి నుంచి కర్ఫ్యూ. బయటికెళ్లొద్దని ఇండియన్ హైకమిషన్ ముందే చెప్పింది. చివరికి కాలేజీ వాళ్లు బస్సు మాట్లాడి, పోలీసు ఎస్కార్ట్‌తో అఖౌరా బోర్డర్‌కి పంపుతాం, పాస్‌పోర్టు, కాలేజీ ఐడీ, లెటర్ చేతిలో పెట్టుకోండి, ఒక్కటే బ్యాగు అన్నారు. దారంతా కాలిపోయిన బండ్లు. దారిలో ఉన్న నర్సింగ్దీలో జైలు బద్దలుకొట్టి 826 మంది ఖైదీలు పారిపోయారని బస్సులో ఎవరో అంటే డ్రైవర్ కర్టెన్లు వేసేయమన్నాడు. మేఘనా బ్రిడ్జి దాటాక గానీ ఎవరూ మాట్లాడలేదు. అఖౌరాలో ఎగ్జిట్ స్టాంపు కోసం ఎండలో గంటలు నిలబడ్డాం, నడిచి గేటు దాటితే అగర్తలా. సిగ్నల్ రాగానే వాట్సాప్‌లో ఒకేసారి అన్ని మెసేజులు పడేసరికి ఫోన్ హ్యాంగ్ అయింది. అక్కణ్నుంచి కలకత్తా, హైదరాబాద్.

సుప్రీంకోర్టు జూలై 21నే యోధుల కుటుంబాల కోటాని 5 శాతానికి తగ్గించింది, అడిగింది దాదాపు దొరికినట్టే. అయినా జనం ఆగలేదు, ఎందుకంటే అప్పటికి అడిగేది చనిపోయినవాళ్ల గురించి. ఆగస్టు 5న హసీనా దేశం వదిలి వెళ్లడం ఖమ్మంలో టీవీలో చూశాను. దాదాపు 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని తర్వాత ఐక్యరాజ్యసమితి రిపోర్టులో వచ్చింది, వాళ్లలో పిల్లలూ ఉన్నారు.

గుడుల మీద, హిందువుల ఇళ్ల మీద దాడుల వార్తలు చూసి అమ్మ మళ్లీ పంపనని మొండికేసింది, ఆవిడ భయం ఉత్తిది కాదు. కాలేజీ మామూలుగా నడుస్తోందని సీనియర్లు చెప్పాకే ఒప్పుకుంది. వెళ్లాక, భుజంలో పెల్లెట్లు ఇంకా ఉన్న మా బ్యాచ్‌మేట్‌ని అడిగాను, మీ నాన్నకి ఫ్యాక్టరీ ఉంది, నువ్వెందుకు వెళ్లావని. ప్రజాస్వామ్యం అంటాడేమో అనుకున్నా. ఓటు వయసొచ్చాక జరిగిన ఎన్నికలో గెలిచేదెవరో ముందే తెలుసు, వెళ్లలేదు, దానికి కోపం ఉంది, కానీ ఆ రోజు వెళ్లింది అందుక్కాదు అన్నాడు. "ఫ్రెండ్స్ నలుగురూ కింద నిలబడి పిలిచారు. వెళ్లకపోతే తర్వాత వాళ్ల మొహం ఎలా చూడను?" అన్నాడు. గుంపులో భయం వేయలేదా అంటే, వేసింది, పక్కనున్నవాడు పారిపోలేదు కాబట్టి నేనూ పారిపోలేదన్నాడు. వాళ్లలో ఒకడికి కుడికన్ను కనపడదిప్పుడు, హసీనా తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం వైద్యం ఖర్చు ఇస్తామంది గానీ ఆ ఫైలు ఎక్కడుందో తెలీదట, దాని వెనకాల వీళ్లే తిరుగుతున్నారు.