189.1234: ఒక్క పీకు, ఎనిమిది పేర్లు

డేటాబేస్‌లో మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువు తూచే మిషను) చూపిన 189.1234 కొట్టి, 5 పిపిఎం (పది లక్షల్లో ఐదు వంతులు) హద్దు పెట్టి, పైన కనబడ్డ పేరు ఎక్సెల్‌లో ఎక్కించేస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. బెంగళూరు ల్యాబుల్లో మాస్ స్పెక్ మీద కొత్తగా కూర్చునే మన తెలుగు పిల్లలు ముందు తెలుసుకోవాల్సింది, అలా అవ్వదని.

లెక్క చేత్తో ఒకసారి వేయండి. గ్లైసిన్ రెసిడ్యూ (నీరు పోయి గొలుసులో కలిసిన అమైనో ఆమ్లం) 57.02146, లూసిన్ రెసిడ్యూ 113.08406. కలిపితే 170.10552. దానికి ఒక నీటి అణువు, 18.01056. అంటే రెండూ జతకట్టిన డైపెప్టైడ్ గ్లైసిల్-లూసిన్ 188.11608. పాజిటివ్ మోడ్‌లో అణువుకు ధన ఆవేశం ఇచ్చే ప్రోటాన్ 1.00728 చేరితే 189.12336. ప్రోటాన్ బదులు హైడ్రోజన్ పరమాణువు 1.00783 కలిపేవాళ్లు చాలామంది. ఎలక్ట్రాన్ బరువు ఎంతలే అనుకుంటారు గానీ ఈ సైజులో అది దాదాపు 2.9 పిపిఎం. మీ 5 పిపిఎంలో సగానికి పైగా అక్కడే హరించుకుపోయింది. సీసా మీద రాసిన 188.22 అయితే అసలు ముట్టుకోవద్దు, అది ఐసోటోపుల సగటు.

ఇప్పుడు అలనిన్ 71.03711కి వాలిన్ 99.06841 కలపండి. మళ్లీ 170.10552, చివరి అంకెతో సహా. ఎసిటైల్ లైసిన్ కూడా అక్కడికే వస్తుంది. అన్నిట్లోనూ ఎనిమిది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు, రెండు నైట్రోజన్లు, మూడు ఆక్సిజన్లే మరి. లూసిన్‌కి బదులు ఐసోలూసిన్, ముందువెనకల క్రమాలు, ఎసిటైల్ ఏ నైట్రోజన్ మీద ఉందన్నది కలిపితే ఎనిమిది పేర్లు తేలతాయి. ఎన్ని కోట్లు పోసి మిషను కొన్నా రిజల్యూషన్‌తో వీటిని విడదీయలేరు.

ద్రవ్యరాశి పనికొచ్చే చోటు వేరే. ట్రైమిథైల్ లైసిన్ 189.1598 దగ్గర వస్తుంది, తేడా 0.0364. ఒక ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు ఉన్నందుకు వచ్చే తేడా అది. గ్లుటమిన్ 147.0764, లైసిన్ 147.1128 మధ్యా అంతే. 190 పిపిఎం దాటిన ఎడం కాబట్టి మామూలు టోఫ్ (అయాన్లు గొట్టంలో ఎగిరే సమయాన్ని బట్టి బరువు తేల్చే మిషను) చాలు. కానీ ఆ 147.0764లోనే గ్లైసిల్-అలనిన్ కూడా దాక్కుని ఉంటుందని మర్చిపోకండి.

మిగతాది మిషనులో అణువును విరగ్గొడితే వచ్చే ముక్కల్ని బట్టి తేలాలి. 132.1019 కనిపిస్తే లూసిన్ లేదా ఐసోలూసిన్ సి-చివర, అంటే వెనక, ఉన్నట్టు. 86.0964 బలంగా ఉండి, పక్కన 76.0393 కూడా ఉంటే అది ముందుంది, గ్లైసిన్ వెనకుంది. 118.0863 అయితే వాలిన్ వెనక, 72.0808తో పాటు 90.0550 అయితే వాలిన్ ముందు, అలనిన్ వెనక. 126.0913, 84.0808 జంటగా వస్తే గొలుసు కొస నైట్రోజన్ మీద ఎసిటైల్ ఉన్న లైసిన్‌ను అనుమానించండి. విరగ్గొట్టే ఎనర్జీ ఒక్కసారే 40 పెడితే క్రమం చెప్పే పెద్ద ముక్కలు చితికిపోయి చిన్నవే మిగులుతాయి. 10, 20, 40 మూడూ తీయండి. స్కాన్ 50 నుంచి మొదలైతే అలనిన్ ఇచ్చే 44.0495 రాదు, లేదని రాసేయకండి.

లూసిన్, ఐసోలూసిన్ తేల్చడానికి అడ్డదారి లేదు. 86 నుంచి 69.0699 ముక్క ఐసోలూసిన్‌లో ఎక్కువగా వస్తుంది, సీ18 కాలమ్ (శాంపిల్లోని పదార్థాల్ని ముందే విడదీసే గొట్టం) మీద సాధారణంగా అదే ముందు దిగుతుంది. రెండూ సూచనలే. స్టాండర్డ్‌ను (ఏమిటో ముందే తెలిసిన శుద్ధ పదార్థాన్ని) అదే కాలమ్ మీద విడిగానూ, శాంపిల్లో కలిపీ నడపాలి.

ఇంకో తికమక 211 దగ్గర. గ్లైసిల్-లూసిన్ సోడియం పట్టుకుంటే 211.1053. రెండు అమైనో ఆమ్లాలు ఉంగరంలా మూసుకున్న సైక్లో లూసిన్-ప్రోలిన్ 211.1441. ఈ రెండో రకం వేయించిన కాఫీ గింజల్లో ఉంటుంది, బెంగళూరు దర్శిని హోటళ్ల కాఫీ చేదులో దానికీ వాటా ఉంది. అయితే మామూలు లూసిల్-ప్రోలిన్, 229.1547, సోర్స్‌లోనే (అయాన్లు తయారయ్యే చోటే) నీరు పోగొట్టుకున్నా అదే 211.1441 ఇస్తుంది. 229.1547, 211.1441ల క్రోమాటోగ్రామ్‌లూ (ఏ నిమిషంలో ఎంత దిగిందో చూపే గీతలు) ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. శిఖరాలు ఒకే నిమిషంలో, ఒకే ఆకారంలో కూర్చుంటే మీ సైక్లో నిజానికి విరిగిన డైపెప్టైడ్.

ఎర్రర్‌ను ఒంటరిగా చూడొద్దు. చుట్టుపక్కల కచ్చితంగా తెలిసినవన్నీ +3 పిపిఎం చూపిస్తుంటే, −2 చూపించే మీ పీకు నిజానికి 5 దూరంలో ఉంది. ప్లాస్టిక్ నుంచి వచ్చే 149.0233 ఎప్పుడూ ఉండే చెత్తే, కానీ కొలబద్దగా భలే పనికొస్తుంది. చల్లటి ఊరే కదా అని రాత్రిళ్లు ఏసీ ఆపేస్తే టోఫ్ గొట్టం పొడవు మారి అంకెలు జారతాయి. పీకు మరీ పెద్దదైతే డిటెక్టర్ నిండిపోయి ద్రవ్యరాశి తప్పుతుంది. పలచన చేసి మళ్లీ ఎక్కించండి.

మెటబోలోమిక్స్ స్టాండర్డ్స్ ఇనిషియేటివ్ 2007లో పెట్టిన, గుర్తింపు ఎంత నమ్మదగిందో చెప్పే లెవెళ్లలో ఒకటో లెవెల్ అనాలంటే, మీ ల్యాబులోనే అవే షరతుల్లో నడిపిన అసలు స్టాండర్డ్‌తో రెండు వేర్వేరు కొలతలు కలవాలి. అది లేనప్పుడు పట్టికలో “గ్లైసిల్-(లూసిన్ లేదా ఐసోలూసిన్)” అని రాయండి. రివ్యూయర్ దానికేమీ అనడు.