డబుల్సే కదా అనేవాళ్లకి

టెన్నిస్ ఆడిన సానియా మీర్జా మాట వస్తే చాలు, మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు "ఆడింది డబుల్సే కదండీ" అనేస్తారు, ఒక్కరే ఆడే సింగిల్స్ కన్నా ఇద్దరు జట్టుగా ఆడే డబుల్స్ తక్కువన్నట్టు. విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు సింగిల్స్ సంగతే చెప్తాను. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడేనాటికి ఆమెకి 18 ఏళ్లు. మరుసటి నెలలోనే హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. అంతకుముందు మన దేశపు అమ్మాయిలెవరూ డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ టైటిల్ గెలవలేదు. ఆ తర్వాత దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాని ఓడించింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా హాస్టల్‌లో సగం మంది ఆమెలాగే ముక్కుకి రింగు పెట్టించుకున్నారు, పేపర్లో వచ్చిన ఫొటోలు కత్తిరించి గోడలకి అంటించారు. మన ఊరి పిల్ల షరపోవాతో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ ఆడుతోందంటే మాకు అది మామూలు విషయమా! 2007 ఆగస్టులో ర్యాంకు 27కి చేరింది. ఇవాళ్టికీ భారత్ నుంచి మరే అమ్మాయీ సింగిల్స్‌లో మొదటి వందలోకి రాలేదు.

ఆమె ఆటకి ప్రాణం ఫోర్‌హ్యాండ్. ఆఖరి క్షణంలో మణికట్టు విసురుతో బంతిని పంపేది, అవతలివాళ్లు కదిలేలోపే అది కోర్టు దాటేసేది. 2008లో ఆ కుడి మణికట్టుకే ఆపరేషన్ అయింది. మోకాళ్లకీ ఆపరేషన్లు తప్పలేదు. 2013లో సింగిల్స్ మానేసింది.

చాలామంది ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

డబుల్స్ వేరే ఆట. మీ పక్కనున్న మనిషి ఎటు కదులుతుందో చూడకుండానే తెలియాలి. సర్వీసుకి ఇచ్చే రిటర్న్ నెట్ దగ్గర కాచుకున్న మనిషికి చిక్కకుండా వెళ్లాలి. 2015 మార్చిలో స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో జత కట్టాక ఇది పూర్తిగా కుదిరింది. సానియా వెనక నుంచి గట్టిగా కొడుతుంటే హింగిస్ నెట్ దగ్గర పాయింట్ ముగించేది. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్ వరసగా గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది.

ఆ ఏడాది వింబుల్డన్ ఫైనల్ గురించి చెప్పకుండా ఉండలేను. మకరోవా, వెస్నినా జంట మొదటి సెట్ గెలిచింది. మూడో సెట్‌లో మనవాళ్లు 2-5తో వెనకబడ్డారు. టెన్షన్‌తో నేను కూర్చోలేకపోయాను. ఒక్కో గేమూ గెలుచుకుంటూ 5-5 చేశారు. వెలుతురు తగ్గిందని ఆట ఆపి, పైకప్పు మూసి, లైట్లు వేశారు. మళ్లీ మొదలయ్యాక రెండు గేములూ మనవే. తర్వాత యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా గెలిచారు. మధ్యలో వరసగా 41 మ్యాచ్‌లలో ఓటమే లేదు. అంతకుముందు గెలిచిన మూడు మిక్స్‌డ్ (ఆడ, మగ జోడీగా ఆడే డబుల్స్) టైటిళ్లతో కలిపి, టెన్నిస్‌లో అతిపెద్ద టోర్నీలైన గ్రాండ్‌స్లామ్‌లలో ఆరు టైటిళ్లు. సింగిల్స్ ఆడలేక ఊరికే కాలక్షేపం చేసిన మనిషికి ఇవి వస్తాయా?

2018 అక్టోబర్‌లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగొచ్చి, ఆడిన మొదటి టోర్నీ హోబార్ట్‌లోనే నదియా కిచెనోక్‌తో కలిసి టైటిల్ పట్టింది. తల్లయ్యాక ఆ స్థాయి ఫిట్‌నెస్ తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి, ఆ గెలుపు నాకు వింబుల్డన్ కన్నా తక్కువ కాదు.

ఆఖరి గ్రాండ్‌స్లామ్ 2023లో మళ్లీ మెల్‌బోర్న్‌లోనే, అంటే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లోనే. 36 ఏళ్ల వయసులో రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. మైకు ముందు ఏడుస్తూనే ఒక మాట చెప్పింది: 14 ఏళ్లప్పుడు మిక్స్‌డ్‌లో తన మొదటి పార్ట్‌నర్ కూడా రోహనేనట, అప్పుడు ఇద్దరూ కలిసి నేషనల్స్ గెలిచారట.